పొడవుల తీసివేత నేర్పడానికి నాకు పట్టిన పదిహేడు రోజులు: నా అనుభవం

మూడో తరగతికి లెక్కలు చెప్పడం నాకిది రెండో ఏడు. పొడవుల తీసివేత పాఠానికి ప్లానులో నాలుగు పీరియడ్లు రాసుకున్నాను. పదిహేడు పట్టాయి. ఇదే పాఠం మొదలుపెట్టబోయేవాళ్ళకి ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిస్తే మంచిదని, నా డైరీ ముందేసుకుని ఇది రాస్తున్నాను.

అసలు సంఖ్యారేఖ (సమాన దూరాల్లో సంఖ్యలు గుర్తుపెట్టిన గీత) జోలికి వెళ్ళింది ఒక స్లిప్ టెస్టు వల్ల. ప్రశ్న ఇది: ఎర్ర రిబ్బను 62 సెం.మీ., నీలం రిబ్బను 37 సెం.మీ., ఎర్రది ఎంత ఎక్కువ పొడవు? తరగతిలో 26 మంది. ఐదుగురు 25 అని సరిగ్గా రాశారు. పదకొండు మంది 35 అని రాశారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి పని కానిచ్చారు. ఆరుగురు 99 అన్నారు. ప్రశ్నలో 'ఎక్కువ' అని కనిపించగానే కూడేశారు. మిగిలిన నలుగురూ ఖాళీ వదిలేశారు.

99 రాసినవాళ్ళలో ఒక అమ్మాయిని పిలిచి, "ఎర్ర రిబ్బను మొత్తమే 62 కదమ్మా, అందులో ఎక్కువున్న ముక్క 99 ఎలా అవుతుంది?" అని అడిగాను. ఆ పిల్ల ఒకసారి నా మొహం, ఒకసారి కాగితం చూసి, "అయితే తీసెయ్యాలా టీచర్?" అంది. రిబ్బన్లు ఆ పిల్ల కళ్ళ ముందుకి రానే లేదు. నా గొంతు బట్టి గుర్తు మార్చేసింది, అంతే. ఆ రాత్రి పేపర్లు దిద్దుతున్నంతసేపూ అదే మాట చెవిలో తిరిగింది.

సోమవారం మొదలుపెట్టాను. బోర్డు మీద 0 నుంచి 20 దాకా గీత గీసి, 15 నుంచి 6 తీసెయ్యాలంటే వెనక్కి ఆరు గంతులు వెయ్యాలని చూపించాను. వాళ్ళూ నోటుబుక్కుల్లో గీశారు. చూడముచ్చటగా ఉన్నాయి గీతలు. జవాబులు చూస్తే సగం మందికి 10. ఎందుకొచ్చిందో నాకు మొదట అర్థం కాలేదు. నాలుగో నోటుబుక్కు దగ్గర ఆగి, "నాకు వినపడేలా లెక్కపెట్టు" అన్నాను. ఆ బాబు పెన్సిల్ మొనని 15 మీద పెట్టి "ఒకటి" అన్నాడు. 14 మీద "రెండు". అలా ఆరు అనేసరికి 10 మీద ఉన్నాడు. గంతుల్ని కాకుండా గీతల్ని లెక్కపెడుతున్నాడు. గట్టిగా చెబితే సరిపోతుందనుకున్నాను. "గంతుల్ని లెక్కపెట్టాలి, గీతల్ని కాదు" అని ఆ పీరియడ్‌లో పది సార్లైనా అని ఉంటాను. మంగళవారం మళ్ళీ అవే పదులు.

మంగళవారం సాయంత్రం పిల్లలు వెళ్ళాక నేల మీద రంగు టేపుతో రేఖ వేశాను. ఇరవై నిమిషాల పని అనుకున్నది గంటన్నర తిన్నది. స్థలం కలిసొస్తుందని సున్నాని గోడకి ఆనించి మొదలుపెట్టాను. నా అడుగులతోనే కొలుచుకుంటూ అడ్డగీతలు అంటించుకుంటూ పోయాను. 14 దగ్గర టేపు అయిపోతే మిగతాది సుద్దముక్కతో గీశాను. బుధవారం పొద్దున, బాగా పొట్టిగా ఉండే ఒక బాబు దాని మీద ఇటూ అటూ నడిచి, "ఇక్కడ గడి ఇరుకుగా ఉంది టీచర్" అన్నాడు. నిజమే. నడుం నొప్పి పుట్టాక నా అడుగు చిన్నదైపోయింది. ఆ రేఖ మీద 3 నుంచి 0కి ఉన్న మూడు గడుల పొడవూ, 12 నుంచి 9కి ఉన్న మూడు గడుల పొడవూ ఒకటి కావు. పొడవులు నేర్పే రేఖకి ఇంతకన్నా పెద్ద తప్పు ఉండదు. మొత్తం పీకి, ఒక తాడు ముక్కని కొలతగా పెట్టుకుని మళ్ళీ వేశాను. ఈసారి పిల్లలే తాడు పట్టుకున్నారు. ఆ పీరియడ్ అంతా రేఖ వెయ్యడానికే పోయిందని అప్పుడు బాధపడ్డాను కానీ, గడులన్నీ సమానంగా ఉండాలన్నది మళ్ళీ నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

గురువారం ఒక్కొక్కరినీ దాని మీద నిలబెట్టాను. కాగితం మీద పెన్సిల్ మొనకి తెలియనిది కాళ్ళకి తెలిసింది. 15 మీద కదలకుండా నిలబడి "ఒకటి" అన్న పిల్లని చూసి పక్కవాళ్ళే నవ్వారు: "నువ్వింకా దూకలేదు!" అక్కడ పుట్టిన మాట ఇది, పాటలా అయిపోయింది: "నిలబడితే నోరు ముయ్యి, దూకాక లెక్కపెట్టు." అడుగు పడ్డప్పుడల్లా మిగతావాళ్ళు చప్పట్లు. పక్క తరగతి టీచర్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్ళారు. ఏమీ అనలేదు, చూపు మాత్రం చూశారు. ఆ రోజు చివర్లో నోటుబుక్కు లెక్కల్లో 15 నుంచి 6 తీసేస్తే 10 వచ్చినవాళ్ళు ముగ్గురే.

శుక్రవారం అనుకోకుండా జరిగింది. ఈ పదిహేడు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన రోజు అదే.

పెన్సిళ్ళు కొలుస్తున్నాం. ఒక బాబు చెయ్యి ఎత్తకుండా కూర్చున్నాడు. దగ్గరికి వెళితే స్కేలుని అరచేత్తో కప్పేశాడు. తీసి చూస్తే విరిగిన స్కేలు. 4 దగ్గర మొదలై 15 దగ్గర అయిపోతుంది. "రేపు కొత్తది తెస్తాను టీచర్" అన్నాడు, నేనేదో అంటానని. వద్దన్నాను. అందరినీ పిలిచి ఆ విరిగిన స్కేలు మీదే వాడి పెన్సిల్ పెట్టాను. ఒక కొస 4 దగ్గర, రెండో కొస 13 దగ్గర. "ఎంత పొడవు?"

పధ్నాలుగు మంది 13 అన్నారు. ఏడుగురు వేలితో 4, 5, 6 అంటూ గీతలు లెక్కపెట్టి 10 అన్నారు. ఐదుగురు 9 అన్నారు. నేను ఏమీ చెప్పలేదు, చెప్పకుండా ఉండటం చాలా కష్టమైంది. పక్క బెంచి మీది మంచి స్కేలు తెచ్చి, పెన్సిల్‌ని సున్నా దగ్గర నుంచి కొలిపించాను. 9. "అయితే ఈ స్కేలు తప్పు" అన్నారు 13 వాళ్ళు. అప్పుడు మంచి స్కేలు మీదే పెన్సిల్‌ని కొంచెం జరిపాను. 2 నుంచి 11. ఇంకొంచెం జరిపాను. 5 నుంచి 14. మళ్ళీ జరిపితే 6 నుంచి 15. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ వచ్చాను: 13 – 4, 11 – 2, 14 – 5, 15 – 6.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ 99 అమ్మాయే అంది: "పెన్సిల్‌ని ఎక్కడ పెడితే ఏంటి టీచర్, అది అంతే ఉంటుంది కదా." నిజం చెప్పాలంటే, తీసివేతని అలా నేనెప్పుడూ చూడలేదు. తీసివేత అంటే ఉన్నదాంట్లోంచి కొంత పోవడం అనే నా బుర్రలోనూ ఉంది. పెన్సిల్ నుంచి ఏమీ పోలేదు. రెండు గీతల మధ్య ఎంత దూరం ఉందో అదే 13 – 4. పిల్లలకి రిబ్బన్ల లెక్క ఎందుకు అర్థం కాలేదో కూడా అప్పుడే తట్టింది. ఎర్ర రిబ్బను నుంచి ఎవరూ ఏమీ కత్తిరించలేదు. మరి తీసివేత చెయ్యాలని వాళ్ళకి ఎందుకనిపిస్తుంది?

చిన్న హెచ్చరిక. సోమవారం ఇద్దరి స్కేళ్ళు 'అనుకోకుండా' విరిగిపోయి వచ్చాయి. మీరైతే ముందే కాగితపు పట్టీల మీద 3 నుంచో 5 నుంచో మొదలయ్యే స్కేళ్ళు గీసి పంచండి. నేను ఆ పని రెండో వారంలో చేశాను.

రెండో వారం సోమవారం, మంగళవారం గురించి డైరీలో ఒక్క మాటే ఉంది: "మర్చిపోయారు." రెండు రోజుల సెలవు తర్వాత సగం మంది మళ్ళీ నిలబడ్డ గీతని లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇంటికెళ్ళేటప్పుడు ఏడుపొచ్చింది. బుధవారానికి సర్దుకున్నారు. సెలవు వచ్చాక ఒకటి రెండు రోజులు అలాగే ఉంటుందని ఇప్పుడు తెలుసు కాబట్టి, మళ్ళీ ఏడాది ఆ టెన్షన్ పడను.

బుధవారం కాగితపు పట్టీలతో రిబ్బన్ల లెక్కకి తిరిగి వచ్చాం. 13 గడుల పట్టీ, 8 గడుల పట్టీ. రెండింటినీ సున్నా దగ్గర కలిపి రేఖ మీద ఒకదాని మీద ఒకటి పరిచాం. పొట్టి పట్టీ కింద నుంచి బయటికి కనిపిస్తున్న ముక్కే 'ఎక్కువ'. దాన్ని వేలితో తడిమి చూశారు. 'ఎక్కువ' అన్న మాట వినగానే కూడటం ఆ రోజుతో చాలావరకు ఆగింది.

అసలు చిక్కు ఆ మర్నాడు వచ్చింది. ఏ పుస్తకంలోనూ నాకు ముందుగా కనపడని చిక్కు. 13 నుంచి 8 తీసెయ్యడానికి రేఖ మీద రెండు దారులున్నాయి. ఒకటి, 13 దగ్గర నిలబడి వెనక్కి ఎనిమిది గంతులు వేసి 5 మీద దిగడం. ఇక్కడ జవాబు దిగిన చోటు. రెండోది, 8 నుంచి 13 దాకా ముందుకి గంతులు వేసి, ఐదు గంతులు పట్టాయి అనుకోవడం. ఇక్కడ దిగిన చోటు 13, జవాబు మాత్రం గంతుల లెక్క. నేను రెండూ చూపించి, "మీకు నచ్చినట్టు చెయ్యండి" అన్నాను. పెద్దమనసు చేసుకున్నాననుకున్నాను. సగం నోటుబుక్కుల్లో జవాబు 13. ముందుకి వెళ్ళి, అలవాటు ప్రకారం దిగిన చోటే రాసేశారు. ఇంకొందరు వెనక్కి వెళ్ళి, వేసిన గంతులు లెక్కపెట్టి 8 అని రాశారు.

దీనికి నాకు మూడు పీరియడ్లు పట్టాయి. చివరికి పనిచేసింది ఇది: ముందుకి వెళ్ళేటప్పుడు రేఖ మీద ఒక రంగు దారం పరచాలి. 8 దగ్గర ఒక కొస, 13 దగ్గర రెండో కొస. లెక్క అయ్యాక ఆ దారాన్ని తీసి, ఒక కొస సున్నా దగ్గర పెట్టాలి. రెండో కొస 5 మీద పడుతుంది. వెనక్కి వెళ్ళినవాడు నిలబడ్డదీ ఆ 5 మీదే. 5 అంటే చుక్క కాదు, సున్నా నుంచి అక్కడిదాకా ఉన్న పొడవు అని దారం చూపించినట్టు నేను మాటలతో చూపించలేకపోయాను. అప్పటి నుంచి ఏ లెక్క చేసినా మొదట, "జవాబు ఎక్కడుంది? కాళ్ళ కిందా, దారంలోనా?" అని అడగడం అలవాటు చేశాను.

ఏ దారి ఎప్పుడు అన్నది నేను చెప్పకుండానే తేలింది. 52 – 48 ఇస్తే ఒకమ్మాయి బోర్డు మీద 52 నుంచి వెనక్కి ఒక్కొక్కటే గంతులు గీయడం మొదలెట్టింది. ఇరవై గంతులకి చెయ్యి నొప్పెట్టి ఆగింది. వెనక బెంచి నుంచి, "నలభై ఎనిమిది పక్కనే ఉంది కదే, అటు నుంచి రా!" అని అరిచారు. 52 – 4 అయితే మాత్రం వెనక్కే వచ్చారు.

ఇక 62, 37లకి ప్రతి గడీ ఉన్న రేఖ పనికిరాదు. అడ్డగీతలు లేని ఖాళీ గీత గీసి, కావలసిన సంఖ్యలే పెట్టుకోవడం మొదలుపెట్టాం. నెదర్లాండ్స్ గణిత బోధకులు బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 37 నుంచి 40కి 3, 40 నుంచి 60కి 20, 60 నుంచి 62కి 2. మొత్తం 25. ఇక్కడ గంతుల సైజు సరిగ్గా ఉండక్కర్లేదు, 20 గంతు 3 గంతు కన్నా పెద్దగా కనిపిస్తే చాలు. నేలమీది రేఖ విషయంలో నన్ను పట్టుకున్న ఆ పొట్టి బాబు దీనికి ఒప్పుకోలేదు. స్కేలు పెట్టి 20ని 20లాగే గియ్యాలని పంతం పట్టాడు. కాగితం దాటిపోయింది. పక్కన ఇంకో కాగితం అంటించుకున్నాడు. వదిలేశాను.

మూడో వారం సోమవారం ఒక తండ్రి నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకుని చేస్తే రెండు లైన్లలో అయ్యేదానికి ఈ గంతులేంటండీ?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. నాకు మొదట ఉక్రోషం వచ్చింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అంకెల కింద అంకెలు పెట్టి చేసే నిలువు లెక్క రావాల్సిందే. అక్కడే కూర్చోబెట్టి స్లిప్ టెస్టు పేపరు చూపించాను. వాళ్ళబ్బాయి నిలువు లెక్కలోనే చేసి 35 రాశాడు, అది తప్పని వాడికి అనుమానం కూడా రాలేదు. రేఖ మీద 37కి 35 కలిపితే 72 దాకా పోతుంది, 62 దాటేస్తుంది. అంటే నిలువు లెక్క సరి చూసుకోవడానికి రేఖ ఉండాలి. ఆయన కాసేపు చూసి, "అయితే రెండూ చేయించండి" అన్నారు. అప్పటి నుంచి రెండూ చేయించాను. ముందే అలా చేయాల్సింది.

మీటర్లు వచ్చేసరికి కొత్త గొడవ. 3 మీ. 5 సెం.మీ. అంటే సెంటీమీటర్లలో 35 అన్నారు, కొందరు 350 అన్నారు. ఖాళీ గీత మీద 100, 200, 300 పెట్టి, "35 ఎక్కడ ఉంటుంది?" అని అడిగితే చెయ్యి మొదటి మీటరు లోపలే ఆగిపోయింది. వాళ్ళే దిద్దుకున్నారు. నిలువు లెక్కలో మీటరు నుంచి అప్పు తెస్తే 100 రావాలి, వీళ్ళు అలవాటుగా 10 తెస్తున్నారు. రేఖ మీద ఆ బాధ లేదు. 1 మీ. 25 సెం.మీ. నుంచి 68 సెం.మీ. తీసెయ్యాలంటే 68 నుంచి 70కి 2, 100కి 30, 125కి 25. మొత్తం 57.

టేపుతో కొలిచే రోజు మాత్రం నన్నెవరైనా ముందే హెచ్చరించి ఉంటే బాగుండేది. ఒకే బల్ల వెడల్పు ఒక గుంపుకి 38, ఇంకో గుంపుకి 15. పావుగంట వాదించుకున్నారు. 15 వాళ్ళు గుడ్డ టేపుని తిరగేసి పట్టుకున్నారు, వెనక వైపు అంగుళాలు. ఇంకో సంగతి, ప్లాస్టిక్ స్కేళ్ళలో చాలావాటికి సున్నా అంచు దగ్గర ఉండదు, కొద్దిగా లోపలికి ఉంటుంది. అంచుని సున్నా అనుకుని కొలిస్తే ప్రతిదీ కొంచెం తక్కువే వస్తుంది. ఇనుప టేపు కొస కొక్కెం వదులుగా కదులుతుంటే అది పాడైపోయిందని పక్కన పెట్టేశాను. అది కావాలనే అలా చేస్తారట, కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది, తగిలించి లాగినా, ఆనించి నొక్కినా కొలత సరిగ్గా రావడానికి. ఇది నాకు చెప్పింది బడిలో బల్లలు బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి.

మూడో వారం శుక్రవారం 3 మీ. 5 సెం.మీ. తాడు నుంచి 98 సెం.మీ. కత్తిరిస్తే ఎంత మిగులుతుందని అడిగాను. విరిగిన స్కేలు బాబు గంతులేవీ వెయ్యకుండా 207 అన్నాడు. ఎలా వచ్చిందంటే, "రెండు కొసలూ రెండేసి జరిపాను టీచర్, 307, 100" అన్నాడు. పెన్సిల్‌ని జరిపిన రోజు వాడి బుర్రలో అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఇంటికి నడిచి కాదు, తేలుతూ వెళ్ళాను.

నాలుగో వారం మంగళవారం సంఖ్యలు మార్చి అదే టెస్టు పెట్టాను. ఒకరు రాలేదు. 25 మందిలో 18 మంది సరిగ్గా చేశారు. నలుగురు గంతులు సరిగ్గా వేసి చివర్లో ఒక గంతు కలపడం మర్చిపోయారు. ఇద్దరు ఇంకా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. ఒక బాబు మళ్ళీ కూడాడు. ఆ ముగ్గురితో ఇప్పటికీ భోజనానికి ముందు పది నిమిషాలు దారం పట్టుకుని కూర్చుంటున్నాను. 99 అమ్మాయి కాగితం మీద లెక్క పక్కన రెండు రిబ్బన్ల బొమ్మ వేసి, బయటికి వచ్చిన ముక్కకి రంగు వేసింది.

మొత్తం ఖర్చు మూడు టేపు చుట్టలు, ఒక దారపు ఉండ, నా మోకాళ్ళు.

టెస్టు అయిన సాయంత్రం నేలమీది టేపు పీకుతుంటే ఆ పొట్టి బాబు ఆగిపోయాడు. 5 మీద నిలబడి వెనక్కి దూకుతున్నాడు. సున్నా దాకా వచ్చి వీపు గోడకి ఆనించి, "ఎనిమిది దూకాలనుకున్నాను టీచర్, మూడు మిగిలిపోయాయి" అన్నాడు. జాన్ వాలిస్ అనే ఆంగ్ల గణితవేత్త 1685లో అచ్చయిన తన పుస్తకంలో సరిగ్గా ఇదే అడిగాడు. ఒక మనిషి ఐదు గజాలు ముందుకి నడిచి, ఎనిమిది గజాలు వెనక్కి వస్తే ఎక్కడుంటాడు అని. మూడో తరగతి పిల్లాడికి ఇప్పుడు సున్నాకి అవతలుండే రుణసంఖ్యల గురించి చెప్పాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే, "గోడ లేకపోతే వెళ్ళొచ్చా?" అన్నాడు. వెళ్ళొచ్చన్నాను. గోడ అవతల ఏముందని అడిగాడు.

గోడ అవతల ఆరో తరగతి. "అక్కడికి వెళ్ళాక వాళ్ళే చెబుతారు" అన్నాను. నేను టేపు చుట్టుకుంటుంటే వాడు గోడకి చెవి ఆనించి వింటున్నాడు.